ఎడమవైపు పోని బొమ్మ

బొమ్మ కుడివైపు పరుగెత్తుతుంది, ఎగురుతుంది, గోడలు దూకుతుంది. ఎడమవైపు మాత్రం చచ్చినా పోదు. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ.

టీవీకి తగిలించిన ఆ వీడియోగేమ్ పెట్టె ముప్పై ఏళ్ల నాటిది, ఆ ఇంటి ఆడపడుచు చిన్నప్పుడు ఆడుకున్నది. ఆవిడకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణం ఉంది. దుకాణానికి రంగులు వేయిస్తున్నానంటూ అన్నగారింట్లో వారం రోజులు ఉండడానికి వస్తూ, బట్టల సంచీతో పాటు దాన్నీ మోసుకొచ్చింది. వచ్చిన పూటే కంట్రోలర్ మొరాయించింది.

అంతకన్నా వింత, కూతురు గదిలోంచి బయటికి రావడం. ఉద్యోగం పోయి రెండు నెలలైంది. అప్పట్నుంచి తలుపు వేసుకునే ఉంది. తల్లి ఏమడిగినా "ఊఁ", "వద్దు", అంతే. లోపల ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని తల్లి తలుపుకు చెవి ఆనించి నిలబడేది. పిల్ల దగ్గినట్టు వినిపిస్తే ఊపిరి పీల్చుకునేది. అలాంటి పిల్ల ఇప్పుడు మేనత్త పక్కన మఠం వేసుకుని, చేతిలో స్క్రూడ్రైవర్‌తో పకపకా నవ్వుతోంది.

పిల్ల నవ్వితే తల్లి సంతోషించాలి. సంతోషమే. కానీ ఆ నవ్వు వినిపించినప్పుడల్లా కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లికి కుట్టు వంకర పోతోంది.

"అత్తా, తప్పు పెట్టెదా, కంట్రోలర్‌దా?"

"రెండో కంట్రోలర్ తగిలించి చూడు. అది ఎడమకి తీసుకెళ్తే పెట్టె మంచిదే."

తీసుకెళ్లింది. "అమ్మ దొంగా, నువ్వేనా!" అంటూ కూతురు మొదటి కంట్రోలర్ నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

"కరెంటుతో ఆటలు వద్దు తల్లీ," అంది తల్లి ఉండబట్టలేక.

"ఐదు వోల్టులే వదినా. చీమ కూడా చావదు."

"చీమకి ఒక్కగానొక్క కూతురు ఉండదుగా."

ఇద్దరూ నవ్వారు. తల్లి నవ్వలేదు. తాను పరాచికానికి అనలేదు మరి.

మొన్న సాయంత్రం కూతురు తన ఉద్యోగం సంగతి మేనత్తకు చెప్పుకుంటుంటే వంటింట్లోకి సగం సగం వినిపించింది. గిన్నెలు కడగడం ఆపి చెవి ఒగ్గేసరికి మాట ఆగిపోయింది. తొమ్మిది నెలలు మోసి, ఇరవై నాలుగేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నది తను. కడుపులో మాట వెళ్లి పడింది మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన మనిషి చెవిలో!

ఐదోరోజు పొద్దున కూతురు స్నానానికి వెళ్లింది. ఆడపడుచు కూరగాయలకు వెళ్లింది. కంట్రోలర్ బల్ల మీద ఒంటరిగా ఉంది. ఎడమ బటను నొక్కి చూసింది తల్లి. బిగుసుకున్నట్టే అనిపించింది. మిషను బిగుసుకుంటే ఏం చేస్తాం? కత్తెర బిగుసుకుంటే, తలుపు గడియ బిగుసుకుంటే? మిషను నూనె డబ్బా తెచ్చి బటను సందులో రెండు చుక్కలు వేసింది. ఒక్క దానికే ఎందుకని అన్నింటికీ వేసింది. తానే బాగుచేసిందని తెలిస్తే పిల్ల మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఆడపడుచు మొహం ఎలా ఉంటుందో అంతకన్నా ముందే ఊహించుకుంది.

పది గంటలకు కూతురు ఆట పెట్టింది. బొమ్మ కుడివైపు కూడా పోలేదు. ఎగరలేదు, దూకలేదు.

"అయ్యో, మొత్తానికే పోయింది అత్తా!"

తల్లి కుట్టు ఆపేసింది. మొత్తానికే! ఇక పిల్ల మళ్లీ గదిలోకి వెళ్తుంది, తలుపు పడుతుంది, ఈసారి తెరుచుకోదు.

ఆడపడుచు స్క్రూలు విప్పి పైడిప్ప తీసింది. బటన్ల కింద రబ్బరు తొడుగు, దాని అడుగున నల్లటి చుక్కలు. ఆ చుక్క కిందున్న సర్క్యూట్ పలక మీది గీతల్ని తాకితేనే బొమ్మ కదులుతుంది. ఇప్పుడు చుక్కకీ గీతకీ మధ్య నూనె నిగనిగలాడుతోంది. ఆవిడ వేలు అద్ది వాసన చూసింది. కుట్టుమిషను వైపు చూసింది. వదిన వైపు చూసింది.

"పాత రబ్బరు కదా," అంది తల దించుకుని. "ఒక్కోసారి ఇలా నూనె కక్కుతుంది."

దాచిపెట్టినందుకు దండం పెట్టాల్సింది. కానీ తల్లికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. పిల్లని లాక్కున్నది చాలక, తన తప్పు మీద కూడా దుప్పటి కప్పి ఈవిడే మంచిదైపోవాలా?

"రబ్బరూ కాదు, గిబ్బరూ కాదు. నేనే పోశాను," అంది.

కూతురు తలెత్తింది. "మిషను నూనెనా? ఎంత పోశావే?"

"బటనుకి రెండు చుక్కలు."

"ఎందుకమ్మా?"

"నేను బాగుచేస్తే నాతోనూ మాట్లాడతావనుకున్నా."

కూతురు దూది స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క చుక్కనీ తుడిచింది, పలకని తుడిచింది, డిప్ప మూసింది. మళ్లీ కుడివైపు కదిలింది బొమ్మ. ఎడమవైపు కదల్లేదు.

"ఇక మిగిలింది తీగే," అంది ఆడపడుచు. "దాని పైతొడుగు లోపల ఎక్కడో తెగుంటుంది. ఒకరు బటను నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు తీగని అంగుళం అంగుళం వంచుతూ రావాలి. వంచినప్పుడు ఎక్కడ బొమ్మ కదిలితే అక్కడ తెగినట్టు." తీగ కోసం చెయ్యి చాచింది.

"నువ్వుండత్తా. అమ్మా, నువ్వు పట్టు."

ఆడపడుచు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ మొహంలో సన్నగా ఏదో ముడుచుకుంది. ఆ ముడుచుకోవడం ఏమిటో వదినకి బాగా తెలుసు. నాలుగు రోజులుగా తాను మోస్తున్నదే. పాపం అనిపించాల్సిన చోట, హాయిగా అనిపించింది.

తల్లి తీగ వంచుతూ పోయింది. కూతురు బటను నొక్కి పట్టుకుని, టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది: "ఉద్యోగం తీసేసిన రోజు ఆఫీసులో ఏడవలేదమ్మా. బస్సులో కండక్టర్ ఎక్కడ దిగాలని అడిగితే ఏడ్చేశా."

తల్లి వేళ్లు ఆగాయి. ఆగిన చోట, పెట్టెలో గుచ్చే పిన్నుకి బెత్తెడు దూరంలో, తొడుగు కింద మెత్తగా, బోలుగా తగిలింది. ముప్పై ఏళ్లు దారాలు తడిమిన వేళ్లవి. ఇక్కడ వంచితే బొమ్మ ఎడమవైపు పోతుంది. ఆట మొదలవుతుంది. మాట ఆగిపోతుంది.

చేతికి ఇంత తేలిగ్గా తగిలిన ఈ చోటు, రోజూ తీగలతోనే బతికే మనిషికి నాలుగు రోజులుగా దొరకలేదా?

తలెత్తి చూసింది. ఆడపడుచు తన వేళ్లనే చూస్తోంది.

తల్లి ఆ చోటు వంచకుండా దాటేసింది. "ఇక్కడ కాదు," అంది. "అయితే ఏం చేశాడు ఆ కండక్టర్?"

"నిదానంగా చూడు వదినా," అంది ఆడపడుచు. "తొందరేం లేదు."

"నాకు తెలుసులే," అంది తల్లి.