కొసరు పొర

సూదిని తోలులోంచి లాగి, దారం కొస పళ్ళతో తెంపి, యోహాను రెండడుగులు వెనక్కి జరిగి సీటును చూసుకున్నాడు. తేనె రంగు తోలు, అంచుల వెంట ముదురు గోధుమ రంగు పైపింగు, వీపు దగ్గర నాలుగు నిలువు చారలు. తార్నాకలో మెట్రో స్తంభాల పక్కన ఆటోలకూ బుల్లెట్ బండ్లకూ సీట్లు కుట్టే ఆ ఇరుకు షాపులో ఇలాంటి సీటు ఇంతవరకూ పుట్టలేదు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బక్కపలచని ఒళ్ళు, సూది గుచ్చుకుని గుచ్చుకుని రాయిలా మారిన బొటనవేలు, చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఆ సుద్దతోనే ఆదివారం చర్చికి వెళ్ళి, భార్య కృపారాణి చేత మోచేతి పోటు తిన్న రోజులు చాలానే ఉన్నాయి.

"ఇమానంల కూసునేటోళ్ళు ఎట్లున్నరో గాని, నువ్వు మాత్రం నెలసంది నేల మీద లేవు" అంది కృపారాణి, టీ గ్లాసు అందిస్తూ.

"నడిపే సీటు ఇది. ఊకెనే అయితదా?" అన్నాడు యోహాను.

ఈ గొడవంతా ఒక స్కూటర్ సీటుతో మొదలైంది. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే శైలజ, చిరిగిన స్కూటర్ సీటు కుట్టించుకోవడానికి వచ్చి, పని అయ్యేదాకా షాపులోని చెక్క స్టూలు మీద కూర్చుంది. మనిషి పొట్టి. స్కూటర్ ఆపితే మునికాళ్ళ మీద నిలబడాలి. అలాంటామెకు విమానం నడపడం వచ్చని తెలిసి యోహాను చేతిలోని కత్తెర కిందపెట్టాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పాత విమానం కొనాలని ఆమె వెతుకుతోంది. ఒకటే ఇంజను, ఆరు సీట్లు, గాల్లోకి లేచాక చక్రాలను కడుపులోకి ముడుచుకుని దూసుకుపోయే రకం.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె సాయంత్రాలు ఆ స్టూలు మీదనే గడిచాయి. ఫోనులో విమానాల ఫొటోలు చూపించేది. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో, రెక్కల కింద తుప్పు ఉందో లేదో ఆమె చెబుతుంటే, యోహాను బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి సీట్లు మాత్రమే చూసేవాడు. ఎర్ర సీట్లున్న ఒక విమానం మీద అతను మనసు పారేసుకున్నాడు. దాని ఇంజను పనికిరాదని ఆమె దాన్ని వదిలేసి, చివరికి సీట్లన్నీ చీకిపోయినదాన్ని కొంది. యోహానుకు ఒళ్ళు మండింది.

"ఇంజను మంచిగుంటే సాల్తదా మేడం? కూసునేది ఇంజను మీదనా?"

"అందుకేగా నువ్వున్నవు యోహానన్నా" అని నవ్వింది శైలజ.

ఇంజను విప్పి బాగుచేయించారు. ముందున్న గుండ్రటి మీటర్లు పీకేసి కొత్త డిజిటల్ తెరలు పెట్టారు. సీట్లు మాత్రం ఊరి బయటి విమానాల మైదానం నుంచి ఒక్కొక్కటిగా తార్నాకకు వచ్చి, కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళాయి. విమానాన్ని యోహాను కళ్ళారా చూడనేలేదు. ఐదు సీట్లు ఇప్పటికే బిగించేశారు. ఆరోది, శైలజ కూర్చునేది, ఇదిగో ఇది. ఈ మధ్యాహ్నమే ఆమె నాగపూర్ వెళ్ళిపోతోంది. అక్కడ పైలట్లకు చదువు చెప్పే ఉద్యోగం. విమానమూ ఇక అక్కడే ఉంటుంది.

ట్రాలీ ఆటోలో సీటును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని యోహాను క్యాంపస్‌లోకి వచ్చాడు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటోలు దిగుతున్న పిల్లలు వింతగా చూశారు. చూడండి, బాగా చూడండి అనుకున్నాడు.

ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో శైలజతో పాటు వెంకటేశం ఉన్నాడు. విమానాల మరమ్మతుల్లో తల నెరిసిన మనిషి. ఆయన సరేనంటేనే ఏ సామానైనా విమానం ఎక్కుతుంది. సీటును బల్ల మీద పెట్టించి, కొలబద్ద ఆనించి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"రెండు వేళ్ళ ఎత్తు ఎక్కువున్నది. ఏంది యోహాన్ ఇది?"

"కొసరు సార్" అన్నాడు యోహాను, కాస్త గర్వంగానే. "నడిపేటోళ్ళ సీటుకు ఒక పొర ఎక్కువేస్త నేను. ఆటో అయినా, లారీ అయినా. మేడం ఇచ్చిన ఫోమంత లోపల్నే ఉన్నది. ఇది నా తరఫున."

పైగా ఈ కొసరుకు ఒక కారణం ఉంది. విమానంలో ముందు దారి కనబడక తాను దిండు వేసుకుని కూర్చుంటానని, ఆ దిండు జారుతుంటుందని ఒకసారి శైలజే చెప్పింది. అది అతని మనసులో పడిపోయింది.

వెంకటేశం సీటును తిరగేశాడు. కింది కుట్టు కొద్దిగా విప్పి, శైలజ తెప్పించిన ఫోములోంచి చిన్న ముక్క, కొసరు పొరలోంచి చిన్న ముక్క కత్తిరించాడు. పటకారుతో మొదటిదాన్ని పట్టుకుని లైటరు వెలిగించాడు. అది నల్లబడి ఆరిపోయింది. రెండోదానికి అంటించగానే భగ్గుమని, మంటతో సహా బొట్లు బొట్లుగా నేల మీద పడింది.

యోహాను వంగి, మండుతున్న బొట్లను చెప్పుతో నలిపాడు. ఆ మంటను తన చేతులతోనే ఆ పిల్ల కింద పెట్టి కుట్టాడు.

"తప్పయింది మేడం" అన్నాడు.

"నాకోసమే వేసినవు కదన్నా" అంది శైలజ మెల్లగా.

"మబ్బులు పట్టకముందే లేవాలె" అన్నాడు వెంకటేశం. "ఆ పొర తీస్తే తోలు వదులైతది. మైదానంల పాత మెత్త ఉన్నది, అదే బిగిస్తం. మేడం ఎప్పట్లెక్క దిండు ఏసుకుంటది."

ఆ మాట యోహానుకు మంటకంటే ఎక్కువ తగిలింది. ఆరింటిలో ఐదు తన సీట్లు, నడిపే ఒక్కటీ ఆ చీకిపోయినది. పైగా మళ్ళీ ఆ జారే దిండు. ఫోను తీసి కృపారాణికి కలిపాడు.

"మిషిను కింద ఒక గోనెసంచి ఉంటది సూడు. మేడం ఫోము కోయంగ మిగిలిన ముక్కలు. ఆమె ఇచ్చిన జిగురు డబ్బా గూడ. జల్ది రా."

"చెత్త పారెయ్యరాదయ్యా అంటే వినకపోతివి, మంచిగనే అయింది" అంటూ కృపారాణి ఆటోలో దిగింది, సంచితోపాటు అన్నం డబ్బా కూడా పట్టుకుని. అన్నం ముఖం ఎవరూ చూడలేదు. యోహాను నేల మీద చతికిలబడి ముక్కలను ఇటుకల్లా పేర్చి అతికించాడు. వెంకటేశం అతికించిన చోటునే కత్తిరించి లైటరు పెట్టాడు. నల్లబడింది, ఆరిపోయింది. ఇంకోచోట పెట్టాడు. ఆరిపోయింది. సీటును తూచి, బరువు రాసుకున్నాడు.

"కుట్టెయ్" అన్నాడు. కుడుతుంటే ఒక వైపు తానే మోకాలితో అదిమి పట్టాడు.

కారులో సీటు ఎక్కించాక, "మైదానం దాకా రా అన్నా. ఒక చక్కరు తిప్పుత" అంది శైలజ.

"వద్దు మేడం. తార్నాక ఫ్లైఓవర్ ఎక్కితేనే నాకు కండ్లు తిరుగుతయి" అన్నాడు యోహాను. అబద్ధం కాదది. కృపారాణి తలవంచి, ప్రయాణం చల్లగా సాగాలని చిన్నగా ప్రార్థన చేసింది. ఆమేన్ అందరూ అన్నారు, వెంకటేశం కూడా. కారు అడిక్‌మెట్ వైపు మలుపు తిరిగింది.

షాపుకు వచ్చి యోహాను ఒక ఆటో సీటు ముందేసుకున్నాడు. కుడుతున్నాడే గాని చెవి ఫోను మీదే ఉంది. పొద్దు వాలుతుండగా అది మోగింది. శైలజ పంపిన వీడియో. కింద చెరువులు, పొలాలు, ఎదురుగా విశాలమైన ఆకాశం, ఒక మూల తేనె రంగు తోలు, దాని మీద తన పైపింగు.

"దిగినం అన్నా. దిండు లేదు. దారంత కనబడ్డది" అని చివర్లో ఆమె గొంతు.

యోహాను ఆనందం పట్టలేక పక్క పంక్చరు షాపువాడికి, టీకొట్టువాడికి, సీటు కోసం ఎదురుచూస్తున్న ఆటో డ్రైవరుకు చూపించాడు. డ్రైవరు అంతా చూసి, తన సీటుకూ కొసరు ఉంటుంది కదా అని అడిగాడు.

"ఆమె మల్లెప్పుడొస్తది?" అంది కృపారాణి.

"స్కూటర్ గూడ అమ్మేసింది" అన్నాడు యోహాను. అంతకుమించి అతనికి తెలియదు.

షాపు మూసే ముందు, విప్పి తెచ్చిన కొసరు పొర చేతికి తగిలింది. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూస్తే చెక్క స్టూలు కనబడింది. ఊరందరి కిందా మెత్తలు వేసే తను, రెండేళ్ళు ఆమెను ఆ వట్టి చెక్క మీదే కూర్చోబెట్టాడు. ఆమె అడగలేదు, తనకు తట్టలేదు. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పొరను గుండ్రంగా కత్తిరించి, మిగిలిన తేనె రంగు తోలు కప్పి, చుట్టూ మేకులు కొట్టాడు.

"ఇగ కూసో" అన్నాడు కృపారాణితో.

"ఉండనీ తియ్" అందామె, నిలబడే.

షట్టరు దించుతుంటే చివరి వెలుతురు దాని మీద పడింది, ఒక్క ముడత కూడా లేని కొత్త మెత్త.