లియూ డాక్టర్ మూడో దినం

లియూ డాక్టర్ ముప్పై ఏళ్లు నా పక్క దుకాణంలో కట్టుడు పళ్లు చేశాడు. నాది కళ్లద్దాల దుకాణం. మా ఇద్దరి దగ్గరికీ వచ్చేది ఆ ముసలివాళ్లే. నా దగ్గర గంటసేపు బేరమాడేవాళ్లు ఆయన దగ్గర నోరు తెరుచుకుని కూర్చునేవాళ్లు గనక, నన్ను చూస్తే ఆయనకు జాలి.

నాలుగేళ్ల వయసులో తండ్రి చంకనెక్కి చైనా నుంచి కలకత్తా వచ్చాడట. తర్వాత హైదరాబాదు, అక్కడినుంచి మా భువనగిరి. ఇక్కడ నర్సు నిర్మలమ్మను పెళ్లి చేసుకుని ఉండిపోయాడు.

పనిలో ఆయనది మొండి పట్టు. కొత్త పళ్లు పెట్టించుకున్నవాళ్లు ఆయన కళ్ల ముందే వేయించిన మక్కజొన్నలు కరకర నమలాలి. నమిలితేనే పని అయినట్టు. అప్పటిదాకా ఆయన అన్నం ముట్టడు. నిర్మలమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని గడపలో నిలబడి సణుగుతూ ఉండేది.

ఒక్క జానమ్మ అవ్వ దగ్గరే ఆ పట్టు సాగలేదు. ఖిల్లా గుట్ట కింద మేకలు కాసుకుంటూ ఒక్కతే ఉంటుంది. 2017లో పళ్లు కట్టిస్తే నొస్తున్నాయంది. డాక్టర్ ప్రతి ఆదివారం ఆకురాయి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, పళ్లు కాస్త అరగదీసి, చాయ్ తాగి, తిండి వేళ దాటాక వచ్చేవాడు. వచ్చే ఆదివారానికి మళ్లీ నొప్పే. అంత అరగదీస్తే ఆ పళ్లు ఎప్పుడో మాయమైపోవాలని నాకు తట్టాలి. తట్టలేదు.

2019 చలికాలంలో, ఎనభయ్యో ఏట, డాక్టర్ పోయాడు. మూడో దినం సమాధి దగ్గర ఆకేసి పిట్టకు పెట్టాం. అన్నం, తలకాయ కూర, మక్క గారెలు. కిరాణా ఐలేశం బండి మీది నూడుల్స్ పొట్లం కూడా తెచ్చాడు.

"ఆయన దేశం తిండి గదా" అన్నాడు.

"గది ఏ దేశం తిండో నాకు తెల్వదని ఆయనే అంటుండె" అంది నిర్మలమ్మ.

అందరం దూరం జరిగి నిలబడ్డాం. గంటయింది. కాకులు వేపచెట్టు మీద కూర్చుని మమ్మల్ని చూశాయి గానీ దిగలేదు. ఐలేశం ఊరుకోడు గదా.

"పుట్టింది పరాయి దేశం. మన కాకి ఆయనను ఎట్ల గుర్తువడ్తది?"

నిర్మలమ్మ ముఖం మాడిపోయింది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఈ ఊరివాడో కాదో కాకి తేల్చాల్సి వచ్చింది. నాకు ఐలేశం పళ్లు రాలగొట్టాలనిపించింది. కానీ మళ్లీ కట్టడానికి డాక్టర్ లేడు.

పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలితే పిట్ట ముట్టదంటారు. మిగిలిందేదో మనం తీరుస్తామని పైకి చెప్పాలి. నిర్మలమ్మ కొంగు పట్టుకుని, "దుకాణం మూయను, మన బిడ్డె నడుపుతది" అంది. కాకి కదల్లేదు. నేను గొంతు సవరించుకుని, ఆయన దగ్గర తెచ్చుకున్న గొడుగు పోయిందని నేనన్నది అబద్ధమని, అది మా ఇంట్లోనే ఉందని, రేపే తెచ్చిస్తానని చెప్పాను. నిర్మలమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కాకి అప్పుడూ రాలేదు.

వెనక నుంచి జానమ్మ అవ్వ కర్ర పొడుచుకుంటూ ముందుకు వచ్చింది. కొంగు ముడి విప్పి పళ్ల సెట్టు తీసింది.

"సారూ, నీ పండ్లు మొదటి దినమే మంచిగ కూసున్నయి. నొస్తలేవంటే నువ్వు మల్ల రావని గట్ల చెప్పిన. ఆదివారమొక్కటే నా ఇంట్ల మనిషి మాట వినవడేది."

పళ్లు పెట్టుకుంది. కొంగులోంచే గుప్పెడు మక్కలు తీసి, సమాధి ముందు కూర్చుని నమిలింది. ఆ కరకర అందరికీ వినపడింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నా దవడ ఆగలేదు.

ఒక కాకి దిగింది. నూడుల్స్ దాటుకుని పోయి తలకాయ కూరలో ముక్కు పెట్టింది.

నిర్మలమ్మ ఏడుస్తూనే ఐలేశం వైపు తిరిగింది.

"పని అయితే గాని అన్నం ముట్టడు ఆయన. గిప్పుడు అయింది."