హాలిస్ సార్ వేసిన అంచనా

హాలిస్ సార్‌కి చూపు పూర్తిగా పోలేదు, నడిమధ్యన మాత్రమే పోయింది. తలుపు చట్రం కనిపిస్తుంది, అందులో నిలబడ్డ మనిషి కనిపించడు. కాగితం అంచులు కనిపిస్తాయి, అక్షరాలు ఉండాల్సిన చోట బూడిదరంగు మరక కనిపిస్తుంది. అయినా సౌదీలోని జుబైల్‌లో ఆయన ఉద్యోగానికి ఇబ్బంది రాలేదు. ట్రైనింగ్ సెంటర్లో కార్మికులకు భద్రత పాఠాలు చెప్పడం ఆయన పని. ట్యాంకులోకి దిగేముందు గ్యాస్ ఎలా చూసుకోవాలి, లోపల మనిషి పడిపోతే బయటివాడు ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఇదంతా ఆయన పుస్తకం చూడకుండా చెప్పగలడు. ఆఫీసు కాగితాలు చదివి వినిపించడానికి కంపెనీ ఖాజావలిని పెట్టింది.

ఖాజావలిది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. డిగ్రీ చదివి, క్లర్కు వీసా మీద వచ్చి ఆరేడేళ్ళయింది. భార్య సాబేరా ఊళ్ళోనే ఉంది. అతని ఇంగ్లీషు ఉచ్చారణ హాలిస్ సార్‌కి మొదట్లో అర్థమయ్యేది కాదు, సార్ అమెరికా యాస ఇతనికి అంతకన్నా అర్థమయ్యేది కాదు. రెండు నెలల్లో ఒకరికొకరు అలవాటుపడ్డారు. సార్ అతన్ని ‘వాలీ’ అని పిలిచేవాడు. ‘వలీ సార్, వలీ’ అని కొన్నాళ్ళు సరిదిద్ది, ఖాజావలి ఊరుకున్నాడు.

ఆఫీసు కాగితాలు కాక సార్‌కి ఇంకో చదువుండేది. కుర్రతనంలో ఆయన తన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేవాడు. ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ అని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఆ కాలేజీతో కలిపి పది కాలేజీలు ఏటా చలికాలంలో తమలో తాము పోటీ పడతాయి. ఆ గుంపును కాన్ఫరెన్స్ అంటారట. ఖాజావలికి తెలిసిన కాన్ఫరెన్స్ ఒక్కటే, మేనేజర్లు టీ తాగుతూ కూర్చునే గది.

ఒక సీజను ముగిసి రెండు నెలలు కాకముందే, రాబోయే సీజన్లో ఆ పదింటిలో ఎవరు మొదట నిలుస్తారు, ఎవరు అడుగున పడతారు అని సార్ అంచనా వేసేవాడు. పత్రికలవాళ్ళు, ఇంటర్నెట్‌వాళ్ళు రాయకముందే వేయాలి. వేసి తనతో చదువుకున్న పాత మిత్రులకు మెయిల్లో పంపేవాడు. వాళ్ళు దాన్ని దాచుకుని, సీజను అయ్యాక తీసి, ఎంత నిజమైందో చూసేవాళ్ళు. ఆయన మాట చాలాసార్లు నిలబడేదట. ‘హాలిస్ ఎడారిలో కూర్చుని మా ఊరి ఆట చూస్తాడు’ అని వాళ్ళలో ఒకాయన రాసిన మాట సార్ ఖాజావలి చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ఆ ఏడు మే నెలలో ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు మొదలయ్యాయి. వందలమంది కొత్తవాళ్ళు పాఠాలకు వస్తున్నారు, రాతపని నెత్తిమీదికొచ్చింది. సాయంత్రం అందరూ కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయాక ఖాజావలి సార్ పక్కన కూర్చుని ఆ కాలేజీల పేజీలు చదివేవాడు. ఎవడి చదువు అయిపోయింది, ఎవడు వేరే కాలేజీకి మారాడు, ఎవడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. సార్ కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యలో ‘ఆగు, వాడి పొడుగెంతో మళ్ళీ చెప్పు’ అనేవాడు.

బుధవారానికి ఆరు కాలేజీలు అయ్యాయి, నాలుగు మిగిలాయి. మర్నాటి నుంచి రెండురోజులు అక్కడి వారాంతపు సెలవు. ఆ రాత్రికే మెయిలు వెళ్ళాలని సార్ అనుకున్నాడు.

అదే సాయంత్రం మహబూబ్ సుభాని జుబైల్ వచ్చాడు. ఖాజావలితో ఒకే బెంచీ మీద చదువుకున్నవాడు, ఖఫ్జీలో ట్రైలర్ తోలుతున్నాడు. ఒకే దేశంలో ఉండి కూడా ఇద్దరూ కలుసుకుని ఏళ్ళయింది. సరుకు దింపి తెల్లారేలోపు వెనక్కి పోవాలి.

“వలీ, నేను గేటు కాడ ఉండా. నీ పని ఇంకా కాల్యా?” అన్నాడు ఫోన్లో.

“అయిపాయరా, వచ్చేస్తా,” అన్నాడు ఖాజావలి.

ఇంటర్నెట్ ఆ పూట నత్తలా నడుస్తోంది. ఒక్కో పేజీ సగం తెరుచుకుని నిలబడిపోతోంది. అతని దగ్గర పోయినేడాది ఇదే పనికి దాచిపెట్టుకున్న పేజీలున్నాయి, కంప్యూటర్లోనే, ఒక్క నొక్కు దూరంలో. ‘సార్, నా స్నేహితుడొచ్చాడు’ అని చెప్పి ఉంటే, ‘వెళ్ళు వాలీ, శనివారం చూద్దాం’ అనేవాడే ఆయన. అతను అడగలేదు. పాత పేజీలు తెరిచి గబగబా చదివేశాడు.

ఆష్‌గ్రోవ్ అనే కాలేజీ దగ్గర సార్ కళ్ళు తెరిచాడు.

“ప్రాట్? కోలిన్ ప్రాటేనా? ఆ పొడుగువాడి చదువు మొన్నటి సీజనుతోనే అయిపోయిందే. చివరి ఆటలో ఏడ్చాడని ఎవరో రాశారు కూడా.”

నిజం చెప్పడానికి అదే సమయం. ఫోను ఖాజావలి జేబులో మళ్ళీ వణికింది.

“లేదు సార్. ఇక్కడ ఉన్నాడు. ఇంకో ఏడాది ఆడతాడు,” అన్నాడు.

సార్ తెర వైపు ముఖం తిప్పాడు. అలవాటుగా తిప్పాడు తప్ప ఆయనకు అందులో ఏమీ కనిపించదు. కాసేపు ఆలోచించి, “అయితే నేనే పొరపాటు పడ్డాను,” అన్నాడు. “ప్రాట్ ఉంటే ఆష్‌గ్రోవ్‌దే మొదటి స్థానం. రాసుకో.”

ఖాజావలి టైపు చేశాడు. పంపమంటే పంపాడు. ఆ రాత్రి మహబూబ్ సుభానితో కలిసి నేలమీద పేపర్లు పరుచుకుని తిన్న అన్నం, చెప్పుకున్న ఊరి సంగతులు, పగలబడి నవ్విన నవ్వులు అతనికి చాలాకాలం గుర్తుండిపోయాయి. గుర్తొచ్చినప్పుడల్లా, ఆ సంతోషం తనది కానట్టుండేది.

శనివారం పొద్దున మెయిలు తెరిస్తే జవాబులు వచ్చి ఉన్నాయి. అందరికన్నా ముందు రాసింది జెరాల్డ్ అనే ఆయన. ‘హాలిస్, ప్రాట్ వెళ్ళిపోయి రెండు నెలలు కావస్తోంది. వాళ్ళ ఊళ్ళో ట్రాక్టర్లు అమ్ముతున్నాడు. మొత్తం నలుగురు వెళ్ళిపోయినవాళ్ళను ఆడించావు. నీకు ఒంట్లో బాగానే ఉందా?’ మిగిలినవాళ్ళు నవ్వులాటగా రాశారు. ఆ నవ్వులాట వెనక జాలి ఉంది. ఇంగ్లీషు పరాయి భాషైనా ఆ జాలి ఖాజావలికి తెలిసిపోయింది.

“ఏమంటున్నారు మావాళ్ళు?” అని అడిగాడు సార్, కాఫీ కప్పు తడిమి అందుకుంటూ.

“బాగుందంటున్నారు సార్.”

“జెరాల్డ్ కూడానా? వాడు ఏనాడూ ఒప్పుకోడే.”

“ఆయన కూడా.”

సార్ సంతోషపడ్డాడు. ఆ ముఖం చూడలేక ఖాజావలి ఫోటోకాపీ పనుందని లేచి వెళ్ళిపోయాడు. ఒక అబద్ధాన్ని మూయడానికి ఇంకొకటి చెప్పానని అతనికి తెలుసు. మధ్యాహ్నం చెబుదాం, సాయంత్రం చెబుదాం అనుకుంటూ ఆ రోజు గడిపేశాడు.

జెరాల్డ్ ఆ రాత్రి సార్ ఇంటికి ఫోన్ చేశాడు.

మర్నాడు సార్ క్లాసుకి వెళ్ళలేదు. తన గదిలో కూర్చుని ఖాజావలిని పిలిచాడు. కోపంగా ఉంటాడనుకుని ఖాజావలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సార్ ముఖంలో కోపం లేదు.

“వాలీ, కూర్చో. నువ్వు నిన్న నా మనసు నొప్పించకూడదని వాళ్ళ మాటలు దాచావు. మంచి ఉద్దేశమే, కానీ ఇంకెప్పుడూ అలా చేయకు. ప్రాట్ లేడట. నువ్వు చదివింది ఇంకేదో అయ్యుంటుంది, నేను ప్రాట్ అని విన్నాను, నువ్వు అవునన్నావని కూడా అనుకున్నాను. నలుగురి విషయంలో అలాగే జరిగింది. కళ్ళు పోతే నీలాంటివాడిని అడిగి నెట్టుకురావచ్చు.” ఆయన వేలితో తన నుదురు తాకాడు. “ఇది పోతే అడగడానికి ఎవరున్నారు?”

సార్ ఆ వేలు తీసి క్లాసు గది వైపు చూపించాడు.

“ఆ క్లాసులో కూర్చునేవాళ్ళు నేను చెప్పిన మాట నమ్మి ట్యాంకులో దిగుతారు. ఒక్క మాట తారుమారు చెబితే మనిషి పోతాడు. పొద్దున మేనేజర్‌తో చెప్పాను. కాంట్రాక్టు పొడిగించుకోను. జూలై ఆఖరుకి వెళ్ళిపోతాను.”

ఆ మాట విని బయటికొచ్చిన ఖాజావలి ఎండలోనే చాలాసేపు నిలబడ్డాడు. సాయంత్రం క్యాంపు గోడ నీడన కూర్చుని మహబూబ్ సుభానికి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పాడు.

“ఆయప్ప ముసిలోడురా,” అన్నాడు సుభాని. “ఈ ఏడు కాకుంటే వచ్చేయేడన్నా పోతాడు. నువ్వు చెప్తే నీ ఉద్యోగానికే ముప్పు. వీసా ఇచ్చిన కఫీల్ దాకా పోయిందంటే నిన్ను ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్తారు. సాబేరాకి ఏం చెప్తావు? ఊరికే ఉండు.”

“పోవడం గురించి కాదురా. పిచ్చి పట్టిందనుకుని పోతాండాడు ఆయప్ప. ఆయన తలకాయ బాగుంది. నిజం ఆయనే చెప్పినాడు, నేను కాదన్నా. నా మాట నమ్మి తన మాట ఇడ్సిపెట్టుకున్నాడు.”

“నేను ఆ పొద్దు రాకుండా ఉంటే బాగుండు,” అన్నాడు సుభాని.

“నువ్వేం జేసినావు. నేను అడిగింటే పంపించుండు ఆయన.”

ఆ రాత్రి సాబేరా ఫోన్ చేస్తే, జలుబు చేసిందని చెప్పి తొందరగా పెట్టేశాడు.

మరునాడు క్లాసులు మొదలుకాకముందే సార్ గదిలోకి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. పాత పేజీల సంగతి, గేటు దగ్గర స్నేహితుడి సంగతి, ప్రాట్ పేరు వచ్చినప్పుడు తెలిసే అబద్ధం చెప్పిన సంగతి, తనకొచ్చిన ఇంగ్లీషులో, తడబడుతూ, ఏదీ దాచకుండా చెప్పాడు. “మీ జ్ఞాపకం సరైనదే సార్. తప్పు నాది,” అన్నాడు.

హాలిస్ సార్ కదల్లేదు. తిడితే బాగుండునని ఖాజావలి మనసులో కోరుకున్నాడు.

“ఆ నాలుగు కాలేజీలు తెరువు,” అన్నాడు సార్. “ఈ ఏడాదివి. చదువు.”

ఖాజావలి చదివాడు. పేజీలు నిలబడిపోయినప్పుడు ఇద్దరూ ఎదురుచూశారు. ఆష్‌గ్రోవ్ వచ్చింది. ప్రాట్ పేరు లేదు. అతను ఆ మాట పైకి చెప్పాడు. సార్ తల ఊపాడు. అంతా అయ్యాక కొత్త వరస చెప్పి, మిత్రులకు ఉత్తరం రాయించాడు. ‘మొన్నటి లెక్క తప్పు. ఇది సరైనది. పొరపాటు నాదే.’

ఖాజావలి చివరి మాట టైపు చేయలేక ఆగాడు. “సార్, క్లర్కు తప్పు చదివాడని రాస్తాను.”

“వద్దు.”

“అది నిజం సార్.”

“ఉత్తరం నాది, వాలీ. చెప్పింది రాయి.”

ఆయనకు తెర కనిపించదు. ఒక్క వాక్యం కలిపి పంపినా తెలియదు. ఖాజావలి వేళ్ళు ఆ వాక్యం కొట్టేశాయి కూడా. కానీ ఆయనకు కనిపించదు కదా అని చేయబోయే పని మళ్ళీ అదే పని అవుతుందని తోచింది. చెరిపేశాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, పైకి చదివి, పంపాడు.

“మీరిక వెళ్ళనక్కర్లేదు కదా సార్,” అన్నాడు, తలుపు దగ్గర ఆగి.

హాలిస్ సార్ అతని గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

“నువ్వు చెప్పకపోయుంటే మతిపోయిందనుకుంటూ బతికేవాణ్ణి. ఆ భారం తీసేశావు, మంచిది. కానీ ఒకటి చూడు. ప్రాట్ లేడని నాకు తెలుసు. నువ్వు ‘లేదు సార్, ఉన్నాడు’ అనగానే నా మాట వదిలేశాను. కళ్ళు లేనివాడు పక్కవాడు చెప్పిందే నమ్ముతాడు. రేపు క్లాసులో ఎవడో గ్యాస్ మీటరు చూసి ఇంత అని గట్టిగా చెబితే దాన్నీ నమ్ముతాను. వెళ్ళడమే మంచిది.”

మేనేజర్‌కి ఆయన ఈ సంగతేదీ చెప్పలేదు. ఖాజావలి ఉద్యోగం ఎక్కడిదక్కడే ఉంది. ఆ తర్వాత వారాల్లో ఆఫీసు కాగితాలు అతని చేతే చదివించుకున్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. బాస్కెట్‌బాల్ పేజీలు మాత్రం మళ్ళీ చదవమనలేదు. ఒకటి రెండుసార్లు ఖాజావలే అడిగాడు. “ఇప్పుడు కాదులే,” అన్నాడు సార్. జూలై ఆఖరున కంపెనీ కారు ఆయన్ని దమ్మాం ఎయిర్‌పోర్టుకి తీసుకుపోయింది. కారెక్కేముందు ఆయన చెయ్యి చాపితే, ఖాజావలి పక్కకు జరిగి, ఆయనకు కనిపించే అంచులో నిలబడి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

కొత్త ఇన్‌స్ట్రక్టర్ వచ్చాడు. కుర్రవాడు, గోడ మీద బొమ్మలు వేసి పాఠం చెబుతాడు. అతనికి ఎవరూ చదివి పెట్టనక్కర్లేదు.

సెప్టెంబరులో కరీంనగర్ వైపు ఫిట్టర్ ఒకతను రెండోసారి పాఠానికి వచ్చి, పేరు రాయించుకుంటూ ఖాజావలిని అడిగాడు. “ముసలి సార్ ఏడికి పోయిండన్నా? ఆయన జెప్తే మంచిగ యాదికుండేది. కండ్లు కనవడ్తలేవని ఎల్లగొట్టిండ్రంట గదా?”

ఆఫీసులో అందరూ అనేది అదే. అవునంటే సరిపోయేది.

“ఎవరూ వెళ్ళగొట్టలేదన్నా. ఆయనే వెళ్ళినాడు,” అన్నాడు ఖాజావలి. రిజిస్టరు అటు తిప్పి సంతకం చోటు చూపించాడు. “కళ్ళు తప్ప ఆయనకు అన్నీ బాగుండాయి. జ్ఞాపకం అయితే శానా బాగుంది.”

ఫిట్టర్ అడిగింది దాని గురించి కాదు. అయినా తల ఊపి, సంతకం చేసి, హెల్మెట్ చంకన పెట్టుకుని క్లాసులోకి వెళ్ళాడు.