నానాయ్ పాసింగ్ పాటల పెట్టె

"మరి పాన్సిత్ నూడుల్స్ పళ్ళెం ఎక్కడ పెడతావ్? కీబోర్డు మీదా?"

పొద్దుటి నుంచి డెల్ఫిన్ ఈ మాట అనడం ఇది నాలుగోసారి. మొదటిసారి నవ్వుతూనే అన్నాడు. ఇప్పుడు మొహంలో నవ్వు లేదు.

"మీద ఎందుకు, పక్కకి జరిపి పెడతా," అంది రోవేనా తల ఎత్తకుండానే. ఆమె చేతిలో పెన్సిల్ రబ్బరు ఉంది. కంప్యూటర్లోంచి తీసిన వేలెడంత మెమరీ ముక్క అంచున బంగారు రంగు గీతలకి పట్టిన మసిని దాంతో రుద్ది తీస్తోంది.

"ఎక్కడికి జరుపుతావ్? దాని పక్కన ఇంకోటుంది. దాని పక్కన మూత లేనిదొకటి. టేబుల్ కింద మూడు. మొన్న అన్నం తింటూ కాలు చాపితే బొటనవేలు చిట్లింది."

"బూట్లేసుకుని తిను. బూట్ల కార్ఖానాలోనేగా నీ పని!"

గోడవార కుర్చీలో వెల్లుల్లి ఒలుస్తున్న నానాయ్ పాసింగ్ నిట్టూర్చింది. ఆమె డెల్ఫిన్ తల్లి. "నా పుట్టినరోజు కోసం మీరు కొట్టుకోకండర్రా. నాకు చిన్న గిన్నె చాలు. నిలబడి తింటాను. డెబ్భై ఎనిమిదేళ్ళేగా!"

"విన్నావా?" అన్నాడు డెల్ఫిన్.

"విన్నాను. నానాయ్, మీరు కూర్చునే తింటారు. ఆదివారం పొద్దున్నకి టేబుల్ అద్దంలా ఉంటుంది."

ఇరవై రెండేళ్ళు నగర కార్యాలయంలో జనన మరణాల వివరాలు టైపు చేసింది రోవేనా. లేత గోధుమ రంగు పెట్టెల్లాంటి ఆ కంప్యూటర్ల ముందే ఆమె వయసు గడిచింది. అవి మొరాయించినప్పుడల్లా మెకానిక్ రావడానికి వారం పట్టేది. ఆ వారం ఓపిక పట్టలేక మూత విప్పి చూడటం నేర్చుకుంది. ఉద్యోగం మానేశాక, వీధి చివరి పాతసామాను కొట్టులో అవే పెట్టెలు రేకుల కింద వానకి తడుస్తుంటే చూసి ఆగలేకపోయింది. ఒకటి తెచ్చింది. గిరగిరా తిరిగే పాత డిస్కు తీసేసి చిప్పుల డిస్కు పెట్టింది, మెమరీ పెంచింది. మీట నొక్కితే అరనిమిషంలో తెర వెలిగింది. ఆ రోజు వంట మాడిపోయింది కానీ ఎవరేమన్నా ఆమెకి వినపడలేదు. అప్పట్నుంచి ఇంటికి ఆరు చేరాయి.

పెట్టడానికి చోటు లేక కాదు. మెట్ల కింద గది ఒకటుంది. దానికి తాళం, ఆ తాళంచెవి నానాయ్ నడుముకి. పెద్దాయన, నానాయ్ భర్త, జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడిపిన రోజుల నాటి బేరింగులు, బ్రేకు పలకలు, అద్దాలు అందులో ఉన్నాయి. ఆయన పోయి తొమ్మిదేళ్ళు, బండి అమ్మేసి ఎనిమిదేళ్ళు. గది సంగతి ఎవరెత్తినా నానాయ్ "ఎప్పుడైనా పనికొస్తాయి" అనేది. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

"సోమవారం పాతసామాను బండి మన వీధికొస్తుంది," అన్నాడు డెల్ఫిన్. "ఆరూ ఎక్కించేద్దాం."

రోవేనా రబ్బరు కింద పెట్టింది. "ఒకటడుగుతాను. ఆదివారానికి అద్దె వీడియోకే పాటల మెషిన్ వద్దని చెప్పెయ్. నాది పెడతా. అది పాడితే నావన్నీ ఉంటాయి. మొరాయించిందంటే, బండికి నేనే ఎత్తి పెడతా. ఆరూ."

"మా తమ్ముడు బోయెట్ ముందు పాట ఆగిపోతే? ఏడాది పొడుగునా ఎగతాళి చేస్తాడు."

"చేయనీ."

డెల్ఫిన్ భార్య వంక చూశాడు. ఆమె వెనక్కి తగ్గేలా కనపడలేదు. "సరే," అన్నాడు.

ఆమె అసలు కారణం అతనికి చెప్పలేదు. నానాయ్ మూడేళ్ళుగా పాడటం లేదు. గొంతు పోయిందంటుంది, అందరూ నమ్మారు. కానీ ఆఖరిసారి పాడినప్పుడు పక్కనే నిలబడింది రోవేనా. అద్దె మెషిన్ తెర మీద సన్నటి అక్షరాలు జారిపోతుంటే నానాయ్ కళ్ళు చిట్లించింది. ఒక వరస తప్పింది, పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వి, మైకు బల్ల మీద పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

అందుకే ఆ వారమంతా రోవేనా పాత పాటలు పదకొండు తనే టైపు చేసింది. ఒక్కో అక్షరం అరచేయంత, తెర మీద రెండేసి వరసలు. శ్రుతి నానాయ్ గొంతుకి సరిపడా కిందికి దించింది. పాట అయ్యాక తెర మీద మార్కులు పడేలా కూడా చేసింది. మార్కులు రాని పాటని ఆ వీధిలో పాటగా లెక్కించరు మరి. పని సాగుతుంటే తనకి తెలియకుండానే కూనిరాగం తీస్తోంది.

ఆదివారం టేబుల్ నిజంగానే అద్దంలా ఉంది. ఐదు పెట్టెలు మంచాల కిందికి పోయాయి. వంటింట్లో లుంపియా రోల్స్ వేగుతున్నాయి. భార్య చేతులు ఖాళీ లేవని, డెల్ఫిన్ తనే మంచితనానికి పోయి పాటలున్న ఆరోదాన్ని వరండాలోకి మోశాడు. తుడిచాడు. ప్లగ్గుకి అతికించిన ఎర్ర టేపు ముక్క పండగ పూట అసహ్యంగా ఉందని పీకేసి, గోడలో గుచ్చి మీట నొక్కాడు.

టప్‌మంది. కాలిన రబ్బరు వాసన వరండా అంతా నిండింది.

రోవేనా గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. నేల మీద ఎర్ర టేపు చూసింది. ఆమెకి అంతా అర్థమైపోయింది. ఆ పెట్టె జపాన్ నుంచి వచ్చే పాత సామాన్ల కొట్టులోది, వంద వోల్టులది. గోడలో వచ్చేది రెండువందల ఇరవై. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఆ ఇంట్లో జపాన్ నుంచి వచ్చిన దేనికైనా ఎర్ర టేపు ఉంటుంది, అన్నం కుక్కరుతో సహా.

"కుక్కరు టేపు పీకుతావా ఎప్పుడైనా?" అంది.

"కుక్కరు చుట్టాల ముందుకి రాదుగా," అన్నాడు డెల్ఫిన్ నీరసంగా. అతని మొహం చూస్తే ఆమెకి తిట్టాలనిపించలేదు.

అప్పుడే గేటు తీసుకుని వచ్చిన తమ్ముడు బోయెట్ వదిన వైపు తిరిగి ముక్కు ఎగబీల్చాడు. "ఆతే రోవేనా, వంట బాగా కాలినట్టుందే!"

"నోర్ముయ్. వెళ్ళి మా మంచం కింద బూడిద రంగుది పట్రా. స్క్రూడ్రైవర్ కూడా."

ఆ బూడిద రంగుది చచ్చిన పెట్టె. దాని మదర్‌బోర్డు ఎప్పుడో పోయింది. డెల్ఫిన్ అందరికంటే ఎక్కువ తిట్టింది దాన్నే. కానీ ఇక్కడ కాలింది కరెంటు అందించే పవర్ పెట్టె ఒక్కటే, బూడిద రంగుదాని పవర్ పెట్టె ఈ ఊరి కరెంటుకి సరిపోయేదే, బాగానే ఉంది. రోవేనా నేల మీద చతికిలబడి విప్పడం మొదలుపెట్టింది. డెల్ఫిన్ దోసిలి పట్టి మరలన్నీ అందులో వేయించుకున్నాడు, ఒక్కటి కూడా పడనివ్వలేదు. చూస్తే పవర్ పెట్టె పెద్దది, లోపల పట్టలేదు. బయటే ఉంచి, పుట్టినరోజు తోరణం తాడుతో పెట్టెకి కట్టేసింది.

"పేగులు బయటికొచ్చాయి," అన్నాడు బోయెట్.

"నువ్వు పాడితే వినేవాళ్ళవీ అంతే," అంది రోవేనా.

మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. డెల్ఫిన్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. రోవేనా మనసులో ఆరు పెట్టెలూ ఒకదాని వెనక ఒకటి బండెక్కుతున్నాయి. అంతలో కీచుమని చిన్న శబ్దం. తెర వెలిగింది. డెల్ఫిన్ సంతోషంతో దోసిలి విడిచేశాడు. మరలన్నీ వరండా అంతా దొర్లాయి.

బోయెట్ మొదట పాడాడు, కళ్ళు మూసుకుని, చేతులు చాపి. ఎనభై రెండు వచ్చింది. "ఇది తప్పుడు మార్కుల మెషిన్," అన్నాడు.

"నానాయ్, మీరు?" అంది రోవేనా.

"నా గొంతు పోయిందని తెలుసుగా."

రోవేనా బతిమాలలేదు. ఒక పాట పెట్టి వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున నిలబడింది. సంగీతం మొదలైంది. తెర నిండా అక్షరాలు. నానాయ్ వాటివైపు చూసింది, కుర్చీలో ముందుకి జరిగింది. మొదటి వరస పెదాలతోనే చదివింది. రెండోదానికి బోయెట్ చేతిలోంచి మైకు లాక్కుంది.

గొంతు ఎక్కడికీ పోలేదు. కాస్త బొంగురుపోయింది, అంతే. గేటు దగ్గర పక్కింటివాళ్ళు నిలబడిపోయారు. పాట అయ్యాక తెర మీద వంద పడింది. పిల్లలు గెంతారు.

"మోసం! ఆతే, ఇది మార్కులెలా వేస్తుంది?" అన్నాడు బోయెట్.

"వయసుని బట్టి."

నానాయ్ ఇంకో ఏడు పాడింది.

సాయంత్రం చుట్టాలందరూ వెళ్ళాక ఇంటివాళ్ళు, బోయెట్‌తో సహా, మిగిలిన పాన్సిత్ ముందేసుకుని టేబుల్ చుట్టూ కూర్చున్నారు. డెల్ఫిన్ నల్లబడ్డ జపాన్ పవర్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది బాగవుతుందా?"

"అవ్వచ్చు. ఉంచుతా."

నానాయ్ నడుము దగ్గర ముడి విప్పింది. తాళంచెవి తీసి రోవేనా పళ్ళెం పక్కన పెట్టింది. అందరూ తినడం ఆపారు.

"రేపు బండి వస్తుందిగా, రానివ్వండి," అంది మెల్లగా. "బ్రేకులూ బేరింగులూ జీప్నీ స్టాండులో నెస్టర్‌కివ్వండి, అతనింకా బండి నడుపుతున్నాడు. మిగతాది పాతసామాను బండికి. మెట్ల కింద గది రోవేనాది. డెల్ఫిన్, అందులో రెండు ప్లగ్గులు పెట్టించు, ఎర్ర టేపుదొకటి, మామూలుదొకటి." తన పళ్ళెం ముందుకి జరిపింది. "ఆ పాన్సిత్ ఇటివ్వు. పాడి పాడి ఆకలేస్తోంది."