తీర్థంలో తడిసిన కండ

అండాలమ్మ చేయెత్తి తల దువ్వుకోలేక ఆరు నెలలైంది. ఇంట్లో దేవుడికి హారతి కూడా భర్త గోపయ్యే ఇస్తున్నాడు. కండల జబ్బులు చూడ్డానికి ఒకేలా ఉంటాయట. ఒకటి మందుకు లొంగుతుంది, ఒకటి లొంగదు. ఏదన్నది కండ చూస్తేనే తేలుతుంది.

ఎల్బీనగర్ దవాఖానలో ఆమె తొడ నుంచి చిక్కుడుగింజంత ముక్క కోసి, సెలైన్‌లో తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ఐసు డబ్బాలో పెట్టి గోపయ్య చేతికిచ్చారు. "రెండు గంటల్లో మలక్‌పేట ల్యాబుకు చేర్చాలి. ఎండకూడదు, నానకూడదు" అన్నారు.

ఆ రోజు తెలంగాణ బంద్. గోపయ్య నడిచే బయల్దేరాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యమకారులు నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పక్కింటి అంతయ్య గరిటెతో ఎదురొచ్చాడు.

"ఏందన్నా గా డబ్బాల? కూరకేమన్న తెచ్చినవా?"

"మీ వదినె కండరా. పరీక్షకు."

అంతయ్య నవ్వు ఆగిపోయింది. "జర జరుగుండ్రి, అన్నను పోనియ్యుండ్రి" అంటూ ముందు నడిచి గుంపులో దారి చేశాడు.

ఎండ మండుతోంది. ల్యాబు సందు మొదట్లో గోపయ్య మూత తీసి చూశాడు. గుడ్డ పొడిబారినట్టు అనిపించింది. జేబులో పొద్దున గుడిలో పట్టిన తీర్థం సీసా ఉంది. తీర్థం కీడు చేస్తుందా? గుడ్డ మీద ఉద్ధరిణెడు పోశాడు.

ల్యాబులో డాక్టర్ లలితకుమారి డబ్బా అందుకుంది. దేవుడి పేరు పలికే నోటికి దాచడం చేతకాలేదు.

"తీర్థం పోసిన మేడమ్."

ఆవిడ కోప్పడలేదు. "ఎంతండీ? ఎప్పుడు?"

"ఉద్ధరిణెడు. గిప్పుడే."

ఆవిడ తడి అద్దింది. ముక్కను గడ్డకట్టించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత అతన్నీ చూడమంది.

గులాబీ రంగు పోగులు, కట్టలు కట్టలుగా. ఒక పక్కన తెల్లని చిల్లులు.

"ఆ చిల్లులు మీ తీర్థం గడ్డకట్టి చేసినవి. మీరు చెప్పకపోతే జబ్బేనేమోనని తికమకపడేదాన్ని. ఇటు చూడండి. కట్ట నడుమ పోగులు బొద్దుగా ఉన్నాయి, అంచు పోగులే చిక్కిపోయాయి. అసలు జబ్బు గుర్తు అది. ఆ నీలం చుక్కలు మనల్ని కాపాడాల్సిన కణాలు. పొరబడి సొంత కండ మీద పడ్డాయి."

"కాపాడేటియే గిట్ల జేస్తే ఎట్లమ్మా?"

"ఎందుకో నాకూ తెలీదండీ. కానీ ఈ రకం చాలామందిలో మందుకు లొంగుతుంది."

గోపయ్య మళ్లీ వంగి చూశాడు. ఇంత పనితనం చూపిన దేవుడు ఆ పొరబాటు ఎందుకు జరగనిచ్చాడో అతనికి అందలేదు. తను చేసిన చిల్లులు దాటి నిజం పట్టుకున్న ఆ కళ్లకు మాత్రం మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"తీర్థం ఇంకా ఉందా?" అడిగింది డాక్టరు.

"ఉందమ్మా."

"అయితే అండాలమ్మగారి చేత తాగించండి. ఈసారి లోపలికే" అని, తన అరచెయ్యీ చాపింది.