నాలుగు కిలోల అమ్మ

ఆదివారం పందెం గెలిచినా ఓడినా చివరికి అందరూ తూకం దగ్గరికే రావాలి. ఇటలీలో లొనాతో అనే ఊరి ట్రాక్ పక్కన ఆ ఇనప తూకం మీదికి గ్వెరీనో తన కూతురు ఓర్నెల్లా నడిపే చిన్న పందెం కార్టును తోసేవాడు. బండి, మనిషి కలిపి బరువు తగ్గితే గెలుపు చెల్లదు. ఓర్నెల్లా పిట్టంత పిల్ల. అందుకని తల్లి ఇర్మా ఆమె సీటుకు నాలుగు కిలోల సీసం బిళ్లలు బిగించేది.

ఓర్నెల్లా పదకొండో ఏట ఇర్మా జబ్బుచేసి పోయింది. తర్వాతి ఆదివారం సీసం బిగించడం గ్వెరీనో మరిచిపోయాడు. అయినా బరువు సరిగ్గా తూగింది. తూకం చూసే ముసలి సెరఫీనో ఖాళీ బోల్టు రంధ్రాలు చూశాడు, అంకె చూశాడు.

"మీ అమ్మ ఎక్కినట్టుందే," అన్నాడు. "సరే, తర్వాతి బండి తోయండి."

అప్పట్నుంచి ఇర్మా ఎప్పుడూ కూతురి ఎడమ భుజం మీదే ఉండేది. ఎడమ మలుపుల్లో ఓర్నెల్లాను దాటినవాడు లేడు. కార్టుల నుంచి చిన్న ఫార్ములా కార్లకు, వాటి నుంచి పెద్దవాటికి ఎక్కింది. ప్రతిచోటా ఆ నాలుగు కిలోలు వెంట వచ్చాయి.

ఇరవై రెండో ఏట ఒక ఫార్ములా వన్ జట్టు పిలిచి మూడు రోజులు కారు నడిపించి చూసింది. ఖాళీ ఉన్నది ఒక్క సీటు. రెండో రోజు ఇంజినీరు తల గోక్కున్నాడు.

"కుడి మలుపుల్లో వెనకబడుతున్నావమ్మా. సీసమైతే చెప్పిన చోట కూర్చుంటుంది. మీ అమ్మ కూర్చోదు."

"చెప్పి చూశాను. బతికున్నప్పుడు మాత్రం నా మాట ఎప్పుడు వింది?"

"రేపటికి దిగకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు."

"నేను దిగమనలేను నాన్నా," అంది ఓర్నెల్లా ఆ రాత్రి గ్వెరీనోతో.

మర్నాడు ఆమె సీటు పట్టీలు బిగించుకుంటుంటే గ్వెరీనో ఆమె ఎడమ భుజం దగ్గరికి వంగాడు.

"ఇర్మా, పద, ఇంటికెళ్దాం. దానికి ఆలస్యమవుతోంది."

పైకి లేస్తుంటే ఆయన మోకాళ్లు కలుక్కుమన్నాయి. చంకలో పసిబిడ్డ ఉన్నవాడిలా ఒక పక్కకు ఒరిగి గేటు దాకా నడిచాడు.

సీటు ఓర్నెల్లాకే వచ్చింది. మొదటి పందెంలో ఆరో స్థానం. తూకం మీద నిలబడితే ఆమె ఒక్కదాని బరువే చూపించింది. దిగమన్నా కాసేపు దిగలేదు.

తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. "చూశావా నాన్నా?"

"సగమే చూశానమ్మా. చానెల్ మారిపోయింది, రిమోటేమో బల్ల మీద ఉంది. మీ అమ్మ నా ఒళ్లో నిద్రపోతోంది, లేవలేకపోయాను."

"మోంజాలో జరిగే పందేనికి రా. మనింటి నుంచి గంటన్నర దారేగా."

"నేనొస్తే తనూ వస్తుంది. నిన్ను చూశాక ఎక్కకుండా ఉంటుందా?"

ఓర్నెల్లా చేయి ఎడమ భుజం మీదికి వెళ్లింది.

"అయితే రావద్దులే," అంది. "మెల్లగా మాట్లాడు నాన్నా. లేస్తుంది."