వెంకటరమణ గారి మడతబండి

కొత్తపేట చుట్టుపక్కల ట్రాక్టరు ట్రాలీని పైకెత్తే హైడ్రాలిక్ జాకీ ఏది పాడైనా, ఇరవై రెండేళ్లుగా శివనాగరాజునే, అంటే నన్నే, పిలుస్తారు. అలాంటిది తన మడతబండి చూడ్డానికి వెంకటరమణ గారు సత్యానందం మాస్టారి అమ్మాయి నిఖితకి ఫోన్ చేశారని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. కడుపుమంట అంటారే, అదే. దాచుకోవడం దేనికి.

మడతబండి అంటే కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న ఇల్లు. లోపల రెండు మంచాలు, ఓ గ్యాసు పొయ్యి. స్విచ్చి నొక్కితే జాకీ మీద పై సగం లేచి నిలబడుతుంది. ఇంకో స్విచ్చి నొక్కితే డబ్బా మీద మూతలా కింది సగం మీదికి దిగుతుంది. కప్పు దించితేనే బండి రోడ్డెక్కాలి. గోదావరి చూడ్డానికొచ్చే వాళ్లకి వెంకటరమణ గారు దాన్ని అద్దెకిస్తారు.

అక్టోబరులో ఆ జాకీ మొత్తం విప్పి, కొత్త రబ్బరు సీళ్లు వేసి, ఆయిల్ మార్చింది నేనే. డిసెంబరు వచ్చేసరికి తెల్లవారుజామున కప్పు దిగడం మానేసింది. ప్రయాణం పెట్టుకున్న వాళ్లు స్విచ్చి నొక్కుతూ కూర్చునేవారు. నాకు కబురొచ్చేది. నేను టిఫిన్ చేసి పదింటికి వెళ్లి ఒక్కసారి నొక్కితే సుబ్బరంగా దిగేది. మూడుసార్లు ఇదే తంతు.

"దానికి నా చెయ్యి తగలాలండి," అన్నాను మూడోసారి, మీసం సర్దుకుంటూ.

"అయితే రాత్రిళ్లు దాని పక్కనే పడుకోవయ్యా," అన్నారు వెంకటరమణ గారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ సాయంత్రమే నిఖితకి ఫోన్ వెళ్లింది. ఆ పిల్ల నాకంటే మెరుగని తేలితే ఆయన నాలుగు ట్రాలీలూ దాని చేతికే వెళ్తాయి. ఆయన ఎటు వెళ్తే ఊళ్లో మిగతా రైతులూ అటే.

నిఖిత డిప్లొమా చదివి, విశాఖపట్నంలో జాకీలు తయారు చేసే కంపెనీలో నాలుగేళ్లు పనిచేసి వచ్చి, జొన్నాడలో హైవే పక్కన షాపు పెట్టింది. కాళ్లకి బూట్లు, నీలం చొక్కా, జేబులో చిన్న టార్చి. తప్పు జరిగే వేళకే చూడాలని తెల్లవారి ఐదున్నరకే వచ్చింది. నేనూ వెళ్లాను. సాయం చెయ్యడానికని అందరికీ చెప్పాను. అది ఓడిపోతే కళ్లారా చూద్దామని వెళ్లాను.

"రండి బాబాయిగారూ," అంది. దానికి నేనెప్పుడు బాబాయినయ్యానో నాకు తెలీదు.

స్విచ్చి నొక్కింది. లోపల టిక్కుమంది గానీ కప్పు కదల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

జాకీ విప్పే ముందు కప్పుకి ఊతాలు పెట్టాలి. లేకపోతే బరువంతా మీద పడుతుంది. ఆ సంగతి ఆ పిల్ల మరిచిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. కూతురి వయసు పిల్ల గురించి అలా అనుకున్నానని మా ఆవిడ మంగాయమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. నిఖిత మాత్రం మరిచిపోలేదు. నాలుగు మూలలా ఇనుప ఊతాలు బిగించి, ఒక్కోదాన్నీ ఊపి చూసుకుంది. ఆ శ్రద్ధ చూస్తే నాకు మరీ ఒళ్లు మండింది.

కప్పు దిగేటప్పుడు ఆయిల్ వెనక్కి వెళ్లే వాల్వు ఒకటుంటుంది. దాన్ని విప్పి టార్చి వేసింది. లోపల తెల్లగా, మైనంలా పేరుకుని ఉంది. గోటితో తీసి వేళ్ల మధ్య నలిపింది. కరిగిపోయింది. వాసన చూసింది.

ఆ వాసన నాకూ తగిలింది. నాకు పని నేర్పిన బంగారయ్య గారు ఏ జాకీ విప్పినా లోపలి భాగాలన్నీ కొబ్బరినూనెలో ముంచి బిగించేవారు. నేనూ అంతే. మా కోనసీమలో కొబ్బరినూనె దేనికి రాయం? తలకీ, తలుపు బందులకీ, సైకిలు చైనుకీ అదే. చలికాలం పొద్దున్నే సీసాలో అది గడ్డకడుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పదింటికి ఎండెక్కితే కరుగుతుంది. మీసం సర్దుకున్న నా చేతి మహిమ అదీ.

"ఏంటమ్మా అది?" అని అరుగు మీద నుంచి అడిగారు వెంకటరమణ గారు, టీ గ్లాసుతో.

నిఖిత నా వైపు చూసింది. "పాత గ్రీజండి. చలికి బిగుసుకుపోయింది. తుడిచేస్తే సరిపోద్దండి."

ఆ మాటతో నేను బయటపడ్డాను. సంతోషించాలి కదా. లేదు. పనిలో నన్ను మించింది, సరే. మంచితనంలో కూడా మించిపోతుందా? ఇకమీదట ఎక్కడ ఎదురుపడినా నా పరువు దాని జేబులో, టార్చి పక్కన ఉంటుంది. అది భరించడం నా వల్ల కాలేదు.

"గ్రీజు కాదండి," అన్నాను. "కొబ్బరినూనె. నేనే రాసేను."

వెంకటరమణ గారు గ్లాసు కింద పెట్టారు. "ట్రాలీలకి కూడా అదే రాస్తున్నావేంటయ్యా?"

"ఆయ్. ఇరవై రెండేళ్ల నుంచీ అదేనండి."

ఆయన నిఖిత వైపు తిరిగారు. "అయితే అమ్మా, వాటిని కూడా నువ్వే ఓసారి..."

నాలుగు ట్రాలీలూ పోయాయనుకున్నాను.

"ట్రాలీలకి ఫర్వాలేదండి," అంది నిఖిత, వాల్వు తుడుస్తూనే. "ట్రాక్టరు నడిస్తే ఆయిల్ కాగి ఉంటుంది కదండీ, అందులో అది గడ్డకట్టదు. దీని మోటారు ఒక్క నిమిషం తిరిగి ఆగిపోద్ది. ఆయిల్ వేడెక్కదండి. బాబాయిగారు చేసిన ట్రాలీ మధ్యలో ఆగిపోయిందని నేనెక్కడా వినలేదు."

అబద్ధం చెప్పి కాపాడబోతే తోసేశాను. ఇప్పుడు నిజం చెప్పి కాపాడింది. దాన్నేమని తోసెయ్యను?

"తప్పు తనంతట తనే ఒప్పుకున్నాడు చూడు, అదీ మా నాగరాజంటే," అని వెంకటరమణ గారు నా భుజం తట్టారు. ట్రాలీలు నాకే ఉంచి, మడతబండి నిఖితకి అప్పగించారు. నేను ఒప్పుకున్నది నిజాయితీతో కాదు, ఏడుపుతో అని ఆయనకి తెలీదు. నిఖితకి తెలుసేమో. ఒక ఎర్ర డబ్బాలోంచి కాస్త గ్రీజు తీసి వాల్వుకి రాసి బిగించి, ఊతాలు తీసి, స్విచ్చి నొక్కింది. ఆ చలిలో కప్పు చప్పుడు లేకుండా దిగింది.

ఆ డబ్బా మీద పేరు నేను ఓరకంట చదివి పెట్టుకున్నాను. కొత్తపేటలో కొంటే సాయంత్రానికల్లా దానికి తెలిసిపోతుందని, వంతెన దాటి మండపేట దాకా వెళ్లాను. కొట్టాయన దుర్గారావు పై అరలోంచి డబ్బా తీసి దుమ్ము తుడిచాడు.

"దీన్ని ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అడగరండి. జొన్నాడ నిఖిత గారొక్కరే పట్టుకెళ్తారు."

"ఆవిడెన్ని పట్టుకెళ్లేరు?"

"ఒకటండి."

"నాకు రెండియ్యి," అన్నాను.